పిట్టల ఫోటోలకు సూపర్‌జూమ్: ఎస్ఎక్స్740, పీ950, లేదా వాడిన ఆర్ఎక్స్10?

అమీన్‌పూర్_బుడుబుంగ:
అందరికీ నమస్కారం. పిట్టల ఫోటోలకని ఒక చిన్న కెమెరా తీసుకుందామనుకుంటున్నాను. తిరిగేది ఎక్కువగా అమీన్‌పూర్ చెరువు, అనంతగిరి అడవి. చలికాలంలో ఒకట్రెండు సార్లు కొల్లేరు, నేలపట్టు. అంతా నడకే కాబట్టి ట్రైపాడ్ మోయను. లెన్సులు మార్చే కెమెరాల జోలికీ వెళ్లను.

మూడు పేర్లు వింటున్నాను. కెనాన్ ఎస్ఎక్స్740 జేబులో పడుతుంది, 40 ఎక్స్. నికాన్ పీ950 కిలో బరువు, 83 ఎక్స్. సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 జూమ్ 25 ఎక్సే, కానీ సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్పు) పెద్దది. నాకు అది వాడినదే దొరుకుతోంది. సెన్సర్ పెద్దదైతేనే ఫోటో బాగుంటుందని కొందరు, పిట్టలకు జూమే ముఖ్యమని కొందరు. ఎవరి మాట వినాలి? ఎగిరే పక్షులు వీటికి అందుతాయా? వాడిన కెమెరా కొంటే ఏమేం చూసుకోవాలి?

తీతువు:
ముందు ఆ ఎక్స్ లెక్క పక్కన పెట్టండి. 83 ఎక్స్ అంటే పిట్ట 83 రెట్లు పెద్దగా కనిపిస్తుందని కాదు. లెన్సు ఈ చివర 24 మి.మీ., ఆ చివర 2000 మి.మీ., ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 83. ఈ 24, 2000 కూడా 35 మి.మీ. ఫిల్ము కెమెరాతో సరిపోల్చి చెప్పే అంకెలే, లెన్సు అసలు కొలతలు కావు. ఎస్ఎక్స్740ది 24 నుంచి 960, అందుకే 40. డబ్బా మీద రాసుకోవడానికి బాగుంటుంది, పిట్టకు దాంతో పనిలేదు.

దూరపు పిట్ట ఎంత బాగా వస్తుందో తెలియాలంటే లెన్సు ముందు రింగు మీద రాసింది చదవండి. పీ950 రింగు మీద 4.3-357 మి.మీ., 1:2.8-6.5 అని ఉంటుంది. పెద్ద అంకెను పెద్ద అంకెతో భాగించండి. 357ను 6.5తో భాగిస్తే 55. పూర్తి జూమ్‌లో ఆ లెన్సు కంటిపాప వెడల్పు 55 మి.మీ. అన్నమాట. పిట్ట మీంచి వచ్చే వెలుతురును ఎంత మేర పట్టగలదు, ఎంత సన్నని ఈకను విడదీయగలదు అన్న రెండూ దీని మీదే ఆధారపడతాయి.

మిగతావాటికీ వేయండి. ఎస్ఎక్స్740: 172 బై 6.9, అంటే 25. కెనాన్‌లోనే ఎస్ఎక్స్70 హెచ్ఎస్: 247 బై 6.5, 38. ప్యానసోనిక్ ఎఫ్‌జెడ్300: 108 బై 2.8, దాదాపు 39. నికాన్‌లోనే పీ1000: 539 బై 8, 67. ఇక సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4: 220 బై 4, సరిగ్గా 55.

పీ950కీ సోనీకీ ఒకే 55 వచ్చింది చూశారా? సెన్సర్ నాలుగు రెట్లు పెద్దదైనా, దూరంగా కూర్చున్న పిట్ట మీంచి సోనీ పట్టే వెలుతురు పీ950 పట్టేదాని కంటే ఎక్కువేమీ కాదు. 30 మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద పాలపిట్ట ఉందనుకోండి, ముక్కు నుంచి తోక దాకా 30 సెం.మీ. పీ950లో ఫ్రేము వెడల్పు అక్కడ అర మీటరు, పిట్ట పొడవున దాదాపు 2,650 పిక్సెళ్లు. సోనీలో ఫ్రేము 1.8 మీటర్లు, పిట్టకు దక్కేవి 900 పిక్సెళ్లే. అలాగని పీ950 ఫోటోలో మూడు రెట్లు వివరం ఉండదు. ఎఫ్/6.5 (రింగు మీది ఆ 6.5) దగ్గర కాంతి చెదిరి ఒక్కో చుక్కా ఐదారు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. అందుకే పీ950 ఫోటోను 100 శాతంలో చూస్తే మెత్తగా ఉంటుంది. సోనీ ఫోటోను కత్తిరించి పక్కన పెడితే ఇంచుమించు అదే వివరం. సెన్సరా జూమా అన్న తగవు ఇక్కడికి తీరిపోతుంది.

ఎస్ఎక్స్740 సంగతి వేరు. 25 మి.మీ. కంటిపాప అంటే పీ950 పట్టే వెలుతురులో అయిదో వంతు. పైగా వ్యూఫైండర్ లేదు. ఎండలో వెనక తెర మీద పిట్టను వెతుక్కోవడం నరకం. మూడు వందల గ్రాముల్లో దొరుకుతుంది కాబట్టి ప్రయాణాలకు సరే, పిట్టల కోసమే అయితే వద్దంటాను. జేబులో పట్టేదే కావాలంటే కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఉన్న ప్యానసోనిక్ టీజెడ్95 లాంటివి చూడండి. దాని జూమ్ 720 దాకానే.

గిజిగాడు_గుంటూరు:
తీతువు గారి లెక్కలో తప్పు లేదు. కాకపోతే అది తీగ మీద బొమ్మలా కూర్చున్న పాలపిట్టకే. అది లేచి రెక్కలు విప్పినప్పుడే కదా ఆ నీలం కనిపించేది!

ఎగిరే పిట్టకు కావలసింది ఫోకస్ వేగం. పీ900 (పీ950కి ముందు వచ్చిన పాతది), పీ950, పీ1000, ఎస్ఎక్స్70 అన్నీ కాంట్రాస్టు చూసి ఫోకస్ పట్టేవే. అంటే లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి, బొమ్మ ఎక్కడ పదునుగా ఉందో వెతుక్కుంటాయి. ఆ వెతుకులాట అయ్యేలోపు పిట్ట పక్క ఊరికి పోతుంది. సోనీ మార్క్ 4లో 315 ఫేజ్ డిటెక్షన్ బిందువులున్నాయి. ఎటు జరగాలో, ఎంత జరగాలో దానికి ఒక్క చూపులో తెలుస్తుంది. సెకనుకు 24 ఫోటోలు తీస్తూ ఫోకస్ మార్చుకుంటూ పోతుంది. పాత మార్క్ 3 తక్కువకు దొరికిందని కొనకండి. లెన్సు అదే, ఫేజ్ డిటెక్షన్ లేదు.

బఫర్ (కార్డుకు చేరేలోపు ఫోటోలు ఆగే చోటు) కూడా చూసుకోండి. పీ900, పీ1000 సెకనుకు 7 చొప్పున ఏడు ఫోటోలు తీసి ఆగిపోతాయి. కార్డులోకి రాసుకునేదాకా మీరు చేతులు కట్టుకు నిలబడాల్సిందే. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకేది సరిగ్గా అప్పుడే. ఎస్ఎక్స్70 సెకనుకు 10 తీస్తుంది, అది మొదటి ఫోకస్ బిగిస్తేనే. ఫోకస్ మారుతూ ఉండాలంటే 5.7.

చిన్న సెన్సర్ జూముతో ఎగిరేవి అసలు రావని కాదు. పిట్టను ఎంచుకోవాలి. ఉప్పలపాడులో, తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఒకే దారిన చెట్ల మీదికి దిగుతుంటాయి. పెద్దవి, నిదానంగా తేలుతూ వస్తాయి. జూమ్ 400, 500 దగ్గర ఆపండి. అవి దాటే చోటికి సమాన దూరంలో ఉన్న కొమ్మ మీద ఫోకస్ పట్టి, మాన్యువల్‌లోకి మార్చి వదిలేయండి. షట్టర్ వేగం 1/1600 సెకను. పక్షి ఆ గీత దాటేముందే నొక్కడం మొదలుపెట్టండి. పది వరసల్లో రెండు దక్కుతాయి. పసరిక పిట్టల వెంటా వానకోవెలల వెంటా పడితే మాత్రం ఖాళీ ఆకాశం ఫోటోలే మిగులుతాయి.

దగ్గరి పిట్టల విషయంలోనూ సోనీదే పైచేయి. పూర్తి జూమ్‌లో 72 సెం.మీ. దగ్గరకీ ఫోకస్ పడుతుంది. పీ950కి 5 మీటర్లు, పీ1000కి 7 మీటర్లు దూరం ఉండాలి. మందార మొక్క మీది తేనెపిట్ట రెండు మీటర్లలో ఉంటే పీ950 జూమ్ తగ్గించుకోవాల్సిందే. ఇది తెలియక కెమెరా పాడైందనుకునేవాళ్లున్నారు.

జెముడుకాకి:
కొనేది ఏదైనా, దాన్ని సరిగ్గా పెట్టుకోకపోతే ఫోన్ ఫోటోకీ దానికీ తేడా ఉండదు. పీ950 ఉదాహరణగా రాస్తున్నా, మిగతావాటికీ ఇదే వరస.

కొన్నరోజే మెనూలో డిజిటల్ జూమ్ ఆపేయండి. అది చేసేది కత్తిరించి సాగదీయడమే, ఆ పని ఇంట్లో కంప్యూటర్లో తీరిగ్గా చేసుకోవచ్చు. ఆటో పవర్ ఆఫ్ సమయం పెంచండి, లేదంటే పొదలో పిట్ట కోసం కాచుకున్నంతసేపూ లెన్సు లోపలికి పోతుంటుంది. టార్గెట్ ఫైండింగ్ అనే ఫోకస్ పద్ధతి తీసేసి మధ్యలో చిన్న గడి పెట్టండి. దానికి వదిలేస్తే కంటికి ఎదురొచ్చిన గడ్డిపోచనే పిట్ట అనుకుంటుంది.

అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) మూయకండి, అంటే ఎఫ్ అంకె పెంచకండి. పెద్ద కెమెరాల వాళ్లు ఎఫ్/8 అంటారు, వాళ్ల సెన్సర్‌కు అది సరే. ఇంత చిన్న సెన్సర్ మీద ఎఫ్/6.5 నుంచి ఎఫ్/8కి వెళ్తే పదును పోతుంది, వెలుతురూ పోతుంది.

షట్టర్ వేగం మనమే ఎంచుకునే ఎస్ మోడ్‌లో పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100-800 మధ్య ఆటోకి వదలండి. కూర్చున్న పిట్టకు 1/320, తోక ఆడిస్తూ కుదురులేని పికిలిపిట్టకు 1/640. పూర్తి ఎండలో ఎఫ్/6.5, ఐఎస్ఓ 100 దగ్గర 1/640 హాయిగా వస్తుంది. ఎండ ముదిరితే ఎస్ మోడ్ తనంతట తనే అపర్చర్ మూసేస్తుంది, అప్పుడు మీరే షట్టర్ వేగం పెంచాలి. మామిడితోట నీడలో ఐఎస్ఓ 800 పెట్టినా 1/160 మించి రాదు. అక్కడ 3200కి ఎక్కించకండి, ఈకలన్నీ మైనం పూసినట్టవుతాయి. 1/100కే దిగి, పిట్ట కదలకుండా ఉన్న క్షణం చూసి నాలుగైదు వరసగా కొట్టండి, ఒకటైనా నిలుస్తుంది. కెమెరా ఊపును వీఆర్ ఆపుతుంది, పిట్ట ఊపును ఆపదు. రెంటికీ తేడా ఫోటోలో తెలుస్తుంది. కొమ్మ పదునుగా ఉండి పిట్ట చెదిరితే షట్టర్ చాలలేదని, రెండూ చెదిరితే చెయ్యి ఆడిందని.

పీ950, పీ1000, ఎస్ఎక్స్70లో రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫోటో) వస్తుంది. పీ900లో రాదు, జేపెగే. నీడలో తీసేవాళ్లకు ఇది పెద్ద తేడా. జేపెగే వాడేట్టయితే నాయిస్ రిడక్షన్ తక్కువలో పెట్టండి.

పట్టుకోవడం: ఎడమ అరచెయ్యి లెన్సు కిందికి, మోచేతులు డొక్కలకు ఆనించి, వ్యూఫైండర్ కనుబొమకు గట్టిగా నొక్కి, ఊపిరి సగం వదిలి ఆపండి. కారులోంచి తీస్తే ఇంజన్ ఆపేయాలి. కిలో పెసలు పోసి కుట్టిన గుడ్డ సంచి కిటికీ అంచున వేసి దానిమీద పెడితే ట్రైపాడ్ అక్కర్లేదు.

అమీన్‌పూర్_బుడుబుంగ:
ఇన్ని వివరాలు ఇచ్చినందుకు చాలా థ్యాంక్స్ అండీ. లెక్క అర్థమైంది. ఒక 83 రెట్ల జూమ్ కెమెరా రెండు రోజులకు అరువు దొరికితే చెరువు దగ్గర ప్రయత్నించాను. నాలుగు ఇబ్బందులు. జూమ్ చేశాక పిట్ట ఎక్కడుందో దొరకట్లేదు. అవతలి గట్టు మీది కొంగలు ఎన్ని తీసినా నీళ్లలో ముంచినట్టు వంకరగా, మెత్తగా ఉన్నాయి, అప్పుడు టైము పదిన్నర. తెల్లకొంగ సున్నం ముద్దలా వచ్చింది, నీటికాకి బొగ్గులా వచ్చింది. తుంగలో ఉన్న పిట్టకు ఫోకస్ పడదు. ఇవి నా తప్పులా, కెమెరావా?

జెముడుకాకి:
రెండో దానికి ఎండది తప్పు, మిగతావి అలవాటైతే పోతాయి.

వంకరగా వచ్చింది వేడిగాలి వల్ల. ఎండెక్కేకొద్దీ గట్టు, రాళ్లు, తారురోడ్డు వేడెక్కి వాటి మీది గాలి సుడులు తిరుగుతుంది. 2000 మి.మీ.తో వంద మీటర్ల అవతల చూస్తున్నామంటే ఆ సుడులన్నిటిలోంచీ చూస్తున్నట్టే. ఏ కెమెరా అయినా, ఎంత ఖరీదైనదైనా దీనికి మందు లేదు. వ్యూఫైండర్లో కొంగ అంచులు అలల్లా కదులుతుంటే నొక్కకండి, కార్డు దండగ. తెల్లారిన గంటన్నర లోపు, లేదా రాత్రి వాన పడి మబ్బు పట్టిన రోజు వెళ్లండి. ఎండలో తప్పదంటే 25, 30 మీటర్ల లోపువే తీయండి. ఏసీ వేసిన కారులో అద్దం దించి తీసినా ఇదే జరుగుతుంది, చల్లగాలీ వేడిగాలీ కిటికీ దగ్గరే కలుస్తాయి కాబట్టి. ఏసీ ఆపి ఐదు నిమిషాలు ఆగండి.

పిట్ట దొరక్కపోవడం: 20 మీటర్ల దూరంలో పూర్తి జూమ్‌కి మీకు కనిపించేది 35 సెం.మీ. వెడల్పు, మూరెడు కూడా లేదు. కాబట్టి జూమ్ తగ్గించి, పిట్టను మధ్యలో పెట్టి, అక్కణ్నుంచి ఆగి ఆగి పెంచాలి. తప్పిపోతే లెన్సు పక్కనున్న స్నాప్‌బ్యాక్ బటన్ నొక్కి పట్టుకోండి, జూమ్ తగ్గి చుట్టుపక్కల కనిపిస్తుంది. పిట్టను మళ్లీ మధ్యకు తెచ్చి వదిలితే మునుపటి చోటికే వెళ్తుంది. ఎస్ఎక్స్70కీ ఇలాంటి బటనే ఉంది. జూమ్ చేసేముందు పిట్ట చుట్టూ గుర్తు పెట్టుకోండి: విరిగిన కొమ్మ, దాని మీద రెండో చీలిక, ఎడమ పక్క ఎండుటాకు. ఆకుల మధ్య జూమ్‌లో ఒక్కో కొమ్మా వెతకడం కంటే ఇదే తొందర. పీ950కి పైన హాట్ షూ (ఫ్లాష్ లాంటివి బిగించే గాడి) ఉంది, గురి చూసుకోవడానికి చుక్క చూపే డాట్ సైట్ బిగించుకోవచ్చు. పీ900కి ఆ వీలు లేదు.

సున్నం, బొగ్గు: కెమెరా ఫ్రేము మొత్తానికీ వెలుతురు సరిచూస్తుంది. నల్లటి నీళ్ల ముందు తెల్లకొంగ చిన్నగా ఉంటే నీళ్లకు సరిచేయబోయి కొంగను మాడుస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 0.7, ఎర్రటి ఎండలో మైనస్ 1.3 దాకా. ఆకాశం ముందు నీటికాకికి ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7, వెనక ఆకాశం తెల్లబోయినా పోనివ్వండి. ఎక్కువ తేడా ఉంటే తక్కువ వైపే మొగ్గు చూపండి. చీకటిగా వచ్చినదాన్ని కొంత లేపొచ్చు, మాడిపోయిన తెలుపును తిరిగి తేలేరు.

తుంగలో ఫోకస్: ముందు అడ్డంగా ఉన్న నిలువు గీతలే దానికి పదునుగా కనిపిస్తాయి, పిట్ట కాదు. ఒక అడుగు పక్కకు జరిగి సందు వెతకండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. లేదంటే పిట్టకు సమాన దూరంలో విడిగా ఉన్న కాడ మీద బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టి, వేలు ఎత్తకుండా పిట్ట మీదికి తిప్పండి. అదీ కుదరకపోతే మాన్యువల్ ఫోకస్, పీకింగ్ వేసుకుని. అంచులు రంగుతో మెరిసిన చోట ఆపేయండి.

లకుముకి_కాకినాడ:
వాడిన కెమెరా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

వీటి లెన్సు ఊడదు. లోపల ఫంగస్ పట్టినా, సెన్సర్ మీద దుమ్ము పడినా మీరు తుడవలేరు, మొత్తం విప్పాలి. సముద్రం దగ్గరి ఊళ్ల కెమెరా అయితే ఇంకా జాగ్రత్త. ఫోన్ టార్చి ముందు నుంచి ఏటవాలుగా వేసి, ఒకసారి 24 దగ్గర, ఒకసారి పూర్తి జూమ్‌లో లోపలికి చూడండి. సాలెగూడు లాంటి తీగలు కనిపిస్తే అక్కడితో బేరం ఆపేయండి. ఒకటి రెండు దుమ్ము రేణువులకు భయపడక్కర్లేదు. తరవాత పూర్తి జూమ్‌లో, ఎఫ్/8 పెట్టి, తెల్లటి ఆకాశాన్ని తీసి పెద్దది చేసి చూడండి. బూడిద రంగు మచ్చలు ఉంటే సెన్సర్ మీద దుమ్మున్నట్టే.

జూమ్ పది సార్లు ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పండి. ఎక్కడైనా గరగర, తడబాటు వస్తే మోటారు అరిగింది. పూర్తి జూమ్‌లో బటన్ సగం నొక్కి పట్టుకుంటే వ్యూఫైండర్లో బొమ్మ కుదురుకోవాలి. గంతులేస్తుంటే వీఆర్ పోయినట్టు. తిరిగే తెరను ఆన్‌లో ఉండగానే అన్ని వైపులా తిప్పి చూడండి, మధ్యలో ఆరిపోతే లోపలి రిబ్బను తెగుతోంది. ఇక్కడి బిల్లు లేని దిగుమతి సరుకుకు వారంటీ అడగలేరని గుర్తుంచుకోండి.

బ్యాటరీ: పీ900ది, పీ950ది ఒకటి కాదు. పాతదాని స్పేర్లు ఉన్నాయి తీసుకో అంటే మోసపోకండి. పీ950కి కంపెనీ చెప్పేది ఒక ఛార్జికి 290 ఫోటోలు, పిట్టల కోసం కాచుకుంటూ జూమ్ ఆడిస్తూ ఉంటే అంత రాదు. రెండు స్పేర్లు పెట్టుకోండి. ఉబ్బిన బ్యాటరీని ఎక్కించొద్దు, లోపల ఇరుక్కుంటే రాదు.

ఇంట్లో మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. గింజల రంగు మారగానే బాండీలో సన్నని సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. తోలు సంచిలో మాత్రం దాచకండి, ఫంగస్‌కు పుట్టిల్లు అది.

గిజిగాడు_గుంటూరు:
బుడుబుంగ గారూ, మీ చెరువూ మీ అడవీ చూస్తే చివరికి నా ఓటు కూడా పీ950కే. ఎగిరేవే కావాలంటే సోనీ. కిలో బరువు మెడకు వేలాడదీయలేనంటే 610 గ్రాముల ఎస్ఎక్స్70, వెలుతురు సగానికి తగ్గుతుందని తెలిసి తీసుకోండి. పీ1000 జోలికి వద్దు. కిలో నాలుగు వందల గ్రాములు, ఆ 3000 మి.మీ. పనికొచ్చే చల్లని పొద్దులు మన దగ్గర ఏడాదికి ఎన్ని?

ఇంకొక్క మాట. జూమ్ ఉంది కదా అని గూళ్ల కిందికి వెళ్లకండి. ఉప్పలపాడులో గట్టు మీంచే గూడబాతు కంటి చుట్టూ చర్మం దాకా కనిపిస్తుంది. తల్లి లేచి నిలబడిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టు. అది ఎగిరిపోతే ఎండలో పిల్లలు మాడిపోతాయి, కాకులు కాచుకునే ఉంటాయి.

అమీన్‌పూర్_బుడుబుంగ:
పీ950కే వెళ్తున్నాను. రేపు పొద్దున ఆరింటికి అదే గట్టు మీదికి, మైనస్ 0.7 పెట్టుకుని. కార్డు ఎలాంటిది తీసుకోవాలి?

తీతువు:
వీ30 అని రాసున్న మామూలు ఎస్‌డీ కార్డు, 64 జీబీ చాలు. అంతకన్నా వేగంగా రాసే ఖరీదైన కార్డు కొన్నా ఈ కెమెరా దాన్ని వాడుకోలేదు. ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ వస్తుంది.